స్టోన్స్ పాత టేపులు, కొత్త గొంతు: ఏ పాట ఏ ఏడాదిదో ఎలా తేల్చాలి?

స్టోన్స్ పాటల్లో ఏది పాతదో, ఏది కొత్తదో ఎలా తేల్చాలి, వినడం ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. మీ ప్రశ్నలో మీ స్నేహితుడి వాదనలు రెండున్నాయి. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ కథ 1981లో టాటూ యూ ఆల్బమ్‌తోనే ముగిసింది, ఆ తర్వాతవన్నీ టూర్ టికెట్లు అమ్ముకోవడానికి వేసిన ఆల్బమ్‌లు అన్నది మొదటిది. డీలక్స్ ఎడిషన్లలో, అంటే పాత ఆల్బమ్‌లకు అదనపు పాటలు చేర్చి మళ్లీ వేసేవాటిలో, ‘ఇన్నాళ్లూ బయటికి రాని పాటలు’ అని ఇస్తున్నవి పాతవే కావు, గాయకుడు మిక్ జాగర్ ఇప్పుడు పాడి అతికించినవి, కాబట్టి అది మోసం అన్నది రెండోది. విడివిడిగా చూస్తే రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ ఒకే మనిషి ఈ రెండూ అంటే మాత్రం కుదరదు. ఆయన నెత్తిన పెట్టుకున్న టాటూ యూ తయారైందే, ఆయన మోసం అంటున్న పద్ధతిలో.

1981 సెప్టెంబరులో అమెరికా టూర్ మొదలవ్వాలి, దానికి ముందే ఆల్బమ్ రావాలి. జాగర్‌కీ గిటారిస్టు కీత్ రిచర్డ్స్‌కీ అప్పటికి అంతగా పొసగడం లేదు, కూర్చుని కొత్త పాటలు కట్టే పరిస్థితి లేదు. ఇంజనీర్ క్రిస్ కిమ్సీ సుమారు మూడు నెలలు పాత టేపులన్నీ తిరగేసి, సగంలో ఆగిపోయిన పాటల్ని ఏరాడు. వెయిటింగ్ ఆన్ ఎ ఫ్రెండ్, టాప్స్ అనే రెండూ 1972 చివర్లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో గోట్స్ హెడ్ సూప్ కోసం వాయించినవి. స్లేవ్, వర్రీడ్ అబౌట్ యూ 1975లో రాటర్‌డామ్‌లో, మిక్ టేలర్ వెళ్లిపోయాక కొత్త గిటారిస్టు కోసం వెతుకుతున్న రోజుల్లో రికార్డ్ చేసినవి. స్టార్ట్ మీ అప్ 1978లో పారిస్ పాథే మార్కోనీ స్టూడియోలో రికార్డయింది. దాన్ని ముందు రెగే పాటగా టేకుల మీద టేకులు వాయించారు, మధ్యలో రాక్ పద్ధతిలో ఒకటి రెండు టేకులు తీసుకుని వదిలేశారు. మనం రేడియోలో వింటున్నది ఆ వదిలేసిన టేకే. నైబర్స్, హెవెన్ లాంటివి ఒకటి రెండు తప్ప ఆ ఆల్బమ్‌లో అప్పటికప్పుడు కొత్తగా పుట్టినవి లేవు.

వెయిటింగ్ ఆన్ ఎ ఫ్రెండ్‌నే చూడండి. డ్రమ్స్, నికీ హాప్‌కిన్స్ పియానో 1972వి. జాగర్ మాటలూ గొంతూ, సోనీ రోలిన్స్ శాక్సఫోనూ 1981వి. ఒకే పాటలో తొమ్మిదేళ్ల తేడా. టాప్స్‌లో గిటార్ వాయించిన మిక్ టేలర్ 1974 డిసెంబరులోనే బ్యాండ్ వదిలేశాడు, 1981 అట్ట మీద ఆయన పేరే లేదు. అయినా నలభై ఏళ్లుగా ఎవరూ దీన్ని అతుకుల బొంత అనలేదు. అందుకు ఒక సాంకేతిక కారణం ఉంది. ఆల్బమ్‌ను బాబ్ క్లియర్‌మౌంటెన్ మిక్స్ చేశాడు, అంటే విడివిడిగా రికార్డయిన గొంతునీ వాయిద్యాలనీ తూచి ఒక పాటగా కలిపాడు. పారిస్ డ్రమ్స్‌కీ రాటర్‌డామ్ డ్రమ్స్‌కీ ఒకే తరహా గది శబ్దం తొడిగాడు. స్టార్ట్ మీ అప్ డ్రమ్స్‌లో వినిపించే ఆ బిగువైన ప్రతిధ్వని న్యూయార్క్ పవర్ స్టేషన్ స్టూడియో బాత్‌రూమ్‌లో స్పీకర్ పెట్టి, మైకుతో తిరిగి పట్టింది. పైగా వేగం పాటలన్నీ మొదటి వైపు, నెమ్మది పాటలన్నీ రెండో వైపు పెట్టడంతో, పక్కపక్క పాటల మధ్య కాలాల తేడా చెవికి తగలదు.

కాబట్టి స్టోన్స్ పాటకు ఒక తేదీ అడగడమే పొరపాటు. మూడు తేదీలు అడగాలి. వాయిద్యాలు ఎప్పుడు? గొంతు ఎప్పుడు? మిక్స్ ఎప్పుడు? అభిమానుల గొడవల్లో సగం ఈ మూడింటినీ కలిపేయడం వల్లే వస్తాయి.

అసలు గొంతు ఎందుకు తర్వాత వస్తుందన్నది ఈ బ్యాండ్ పని చేసే తీరులోనే ఉంది. రిచర్డ్స్ గిటార్ మీద ఒక రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వర ముక్క) పట్టుకుంటాడు, డ్రమ్మర్ చార్లీ వాట్స్ దానికి తాళం వేస్తాడు, గంటల తరబడి అదే తిప్పుతారు. జాగర్ మైకు ముందు మాటలు లేకుండా అచ్చుల శబ్దాలతో గొణుగుతుంటాడు. మన సినిమా వాళ్లు బాణీకి ముందు డమ్మీ సాహిత్యం పెట్టుకున్నట్టే ఇదీ. టేక్ కుదిరిందనుకుంటే నెలల తర్వాత మాటలు రాసి పాడతారు. ఆల్బమ్‌లో చోటు దక్కని పాటకు ఆ చివరి మెట్టు ఎప్పటికీ రాదు. అందుకే వాళ్ల గోదాములో ఉన్నవాటిలో చాలా మటుకు పూర్తయిన పాటలు కావు, గొణుగుడుతో ఉన్న వాయిద్యాల ట్రాకులు. వాటిని పాటలుగా విడుదల చేయాలంటే ఎవరో ఒకరు మాటలు రాయాలి, పాడాలి. ‘ఉన్నదున్నట్టు ఇవ్వొచ్చుగా’ అనేవాళ్లు, ఉన్నదాంట్లో మాటలు లేవన్న సంగతి మరిచిపోతున్నారు.

ఇప్పుడు డీలక్స్ ఎడిషన్లు ఒక్కొక్కటీ చూద్దాం.

2010లో ఎక్సైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్‌తో పది అదనపు ట్రాకులిచ్చారు. ప్లండర్డ్ మై సోల్‌లో వాయిద్యాల పునాది ఆల్బమ్ నాటిది, జాగర్ గొంతు కొత్తది, టేలర్ గిటార్‌లో కొంత కూడా 2009లో లండన్‌లో కలిపిందే. ఫాలోయింగ్ ది రివర్ గొంతూ కొత్తదే. అదే డిస్కులో గుడ్ టైమ్ విమెన్ ఉంది చూశారా, అది టంబ్లింగ్ డైస్‌కి తొలి రూపం, అసలైన పాత సరుకు. సోల్ సర్వైవర్‌ని రిచర్డ్స్ పాడిన వెర్షన్ కూడా అంతే, మాటలు సగం నోటికొచ్చినవే. చరిత్ర కోసం వినేవాళ్లకి ఈ రెండే విలువైనవి, పాట కోసమైతే ప్లండర్డ్ మై సోల్. ఫాలోయింగ్ ది రివర్ విషయంలో మీ స్నేహితుడి వాదనతో ఏకీభవిస్తాను. ఎక్సైల్ ఆల్బమ్ అందమంతా గొంతు గిటార్ల వెనక మునిగి ఉండడంలో ఉంది. ఇక్కడ గొంతు ముందుకొచ్చి, ప్రతి మాటా స్పష్టంగా పలికి, జాగర్ సోలో ఆల్బమ్‌లోంచి తెచ్చినట్టుంది.

2011లో సమ్ గర్ల్స్‌తో పన్నెండు వచ్చాయి. చాలావాటికి గొంతులో కొంతో అంతో కొత్త పని ఉంది. నో స్పేర్ పార్ట్స్ అందులో బాగా కుదిరింది. వియ్ హ్యాడ్ ఇట్ ఆల్ రిచర్డ్స్ పాడింది. క్లాడీన్ ఇన్నేళ్లు ఆగడానికి కారణం సంగీతం కాదు, అది అప్పట్లో పేపర్లకెక్కిన ఒక కేసు గురించి కట్టిన పాట కావడంతో దావా పడుతుందన్న భయం. సో యంగ్‌ని మాత్రం ‘తొలిసారి’ లెక్కలో వేయకండి. దాని ఒక రూపం 1994లోనే సింగిల్‌కి రెండో వైపున వచ్చేసింది.

2020 నాటి గోట్స్ హెడ్ సూప్ బాక్స్‌లో స్కార్లెట్ ఉంది, లెడ్ జెప్పెలిన్ గిటారిస్టు జిమీ పేజ్ గిటార్‌తో. అది 1974 అక్టోబరులో రికార్డయింది, గోట్స్ హెడ్ సూప్ వచ్చింది 1973లో. అంటే ఆల్బమ్ వచ్చిన ఏడాది తర్వాతి పాటను ఆ ఆల్బమ్ బాక్స్‌లో పెట్టారు. బాక్స్ మీద పేరు చూసి పాట తేదీ నిర్ణయించకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. క్రిస్ క్రాస్ మాత్రం ఆ కాలానిదే, అనధికార రికార్డుల్లో దశాబ్దాలుగా తిరిగింది.

2021లో టాటూ యూ నలభయ్యో ఏట తొమ్మిది ట్రాకులతో లాస్ట్ అండ్ ఫౌండ్ వచ్చింది. అందులో స్టార్ట్ మీ అప్ రెగే వెర్షన్ తప్పక వినాలి. కిమ్సీ టేపుల్లోంచి ఏం లాగాడో అప్పుడు అర్థమవుతుంది. లివింగ్ ఇన్ ది హార్ట్ ఆఫ్ లవ్ మూలం 1974 ప్రాంతానిది, పై మెరుగు కొత్తది. ఇందులో షేమ్ షేమ్ షేమ్ అనే పాట జిమీ రీడ్ బ్లూస్. 2025లో వచ్చిన బ్లాక్ అండ్ బ్లూ బాక్స్‌లోనూ అదే పేరుతో ఒక పాటుంది, కానీ అది షర్లీ అండ్ కంపెనీ డిస్కో పాట. రెండూ వేరు. ‘ఒకే పాటను రెండుసార్లు అమ్ముతున్నారు’ అని పోట్లాడే ముందు అది చూసుకోవాలి.

ఇంకో గందరగోళం: ఆల్బమ్‌లో లేని పాటకీ, బయటికి రాని పాటకీ తేడా ఉంది. త్రూ ది లోన్లీ నైట్స్ 1974 సింగిల్‌కి రెండో వైపు. ఫ్యాన్సీమ్యాన్ బ్లూస్, కుక్ కుక్ బ్లూస్ 1989 స్టీల్ వీల్స్ సింగిల్స్‌వి. ది స్టార్మ్, ఐ యామ్ గొన్నా డ్రైవ్ 1994 వూడూ లౌంజ్ కాలానివి. ఇవి అధికారికంగా విడుదలైనవే, స్ట్రీమింగ్‌లో ఆల్బమ్ కింద కనిపించవంతే. యూట్యూబ్‌లో ‘అరుదైన, విడుదల కాని’ అని ఎక్కించేవాటిలో పెద్ద వాటా వీటిదే.

1960ల పాటలకు ఇలాంటి బాక్సులు ఎందుకు రావంటే, కారణం హక్కులు. 1970 దాకా చేసిన రికార్డింగులు వాళ్ల ఒకప్పటి మేనేజర్ అలెన్ క్లీన్ స్థాపించిన ఆబ్కో కంపెనీ చేతిలో ఉన్నాయి. 1971 నుంచి బ్యాండ్ సొంత లేబుల్. బ్యాండ్ తలుచుకుంటే ఎక్సైల్ గోదాము తెరవగలదు, 1968 నాటి బెగ్గర్స్ బ్యాంక్వెట్ గోదాము ఒంటరిగా తెరవలేదు. 1960ల్లో వాళ్ల రికార్డులు వేసిన డెకా కంపెనీతో ఒప్పందం ముగిసేటప్పుడు ఇంకో పాట బాకీ ఉందంటే, ఎవరూ విడుదల చేయలేనంత బూతు పాట పాడి చేతిలో పెట్టారు. ఆ చరిత్ర నుంచి బ్యాండ్‌కీ పాత హక్కుదార్లకీ మధ్య ఎంత సఖ్యత ఆశించగలం? ఆబ్కో 1975 జూన్‌లో మెటామార్ఫోసిస్ పేరుతో వేసిన సంకలనంలో చాలా పాటలు ఇతరులకి వినిపించడానికి చేసిన డెమోలు. జాగర్ గొంతు ఉంటుంది, వాయించింది అద్దెకొచ్చిన స్టూడియో వాద్యకారులు. అందులోని ఔట్ ఆఫ్ టైమ్ వాయిద్యాలు క్రిస్ ఫార్లో హిట్ పాటకు వాడినవే. విడుదల కాని స్టోన్స్ పాటలు అన్నారు గానీ, స్టోన్స్ అక్కడ పెద్దగా లేరు.

యూరప్ చట్టం ఇందులోకి ఇంకో మెలిక తెచ్చింది. 2011లో రికార్డింగుల రక్షణ 50 ఏళ్ల నుంచి 70కి పెంచారు, కానీ 50 ఏళ్ల లోపు బయటికి రానివాటికి ఆ పెంపు వర్తించదు. అందుకే 2019 డిసెంబర్ 31న 1969 నాటి ట్రాకులు పెద్ద మొత్తంలో యూట్యూబ్‌లో కాసేపు కనబడి మాయమయ్యాయి, పైగా ఎవరూ వాడుకోకుండా పాటల మీద ఒక టోన్ కలిపారు. అది అభిమానులకి కానుక కాదు, కాగితం పని.

ఇక మీ అసలు ప్రశ్న: ఏది పాతదో ఏది కొత్తదో మనం ఇంట్లో కూర్చుని ఎలా తేల్చాలి?

మొదట క్రెడిట్లు చదవండి, అదీ ముద్రించిన బుక్‌లెట్‌లో. స్ట్రీమింగ్ యాప్‌లు అందరి పేర్లూ కలిపి ఒకే వరుసలో పడేస్తాయి, ఎవరు ఎప్పుడు వాయించారో తేలదు. బాక్సులు మన దగ్గర దిగుమతి ధరకే దొరుకుతాయి కాబట్టి, కొనక్కర్లేదు, బుక్‌లెట్ పేజీల ఫొటోలు వెతికితే చాలు. నిర్మాత డాన్ వాజ్ స్టోన్స్‌తో పని మొదలుపెట్టింది 1994 వూడూ లౌంజ్‌తో. 1971 పాట పక్కన ఆయన పేరుంటే, ఆ పాట మీద తర్వాత చెయ్యి పడిందని అర్థం.

తర్వాత గొంతు. 1970ల మొదట్లో జాగర్ పదాల చివర్లు మింగేస్తాడు, హల్లులు జారిపోతాయి. ఆధునిక రికార్డింగులో స-కారాలు పదునుగా గుచ్చుకుంటాయి, వాక్యానికి ముందు ఊపిరి వినిపిస్తుంది, సాగదీసిన స్వరంలో ఊగు వెడల్పుగా ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. పాత గొంతును కొత్తగా మిక్స్ చేసినా స-కారాలు పదునెక్కుతాయి. మంచి హెడ్‌ఫోన్స్‌లో ఇంకో ఆనవాలు వెతకండి: గొంతు ఆగిన చోట, డ్రమ్స్ వెనకాల దూరంగా మరో గొంతు గొణుగుతూ వినబడుతుందా? అదే పాత గైడ్ గొంతు. ఒకే గదిలో వాయించేటప్పుడు డ్రమ్ మైకుల్లోకి కారిపోయింది, దాన్ని తుడవడం కుదరలేదు. అది ఉండి, పైనున్న మాటలు దానితో కలవకపోతే, పై గొంతు తర్వాతిదే. ఆ ‘తర్వాత’ ఒక నెలా, నలభై ఏళ్లా అన్నది మాత్రం దీనితో తేలదు.

ఆ వెనక గొంతును బయటికి లాగడానికి ఆడాసిటీ ప్రోగ్రామ్ చాలు, ఉచితం. పాటను తెరిచి, స్టీరియో ట్రాకును రెండు మోనోలుగా విడగొట్టండి. ఒకదాన్ని ఎంచుకుని ఇన్వర్ట్ చేయండి, అంటే దాని తరంగాన్ని తలకిందులు చేయండి. రెండూ కలిపి ప్లే చేయండి. మధ్యలో సమానంగా ఉన్నవి, అంటే ప్రధాన గొంతు, బేస్, కిక్, స్నేర్ చాలావరకు మాయమవుతాయి. పక్కల ఉన్న గిటార్లు, గది శబ్దం, గొంతు తాలూకు స్టీరియో ప్రతిధ్వని మిగులుతాయి. ఆ మిగిలిన ప్రతిధ్వని డ్రమ్స్ గదితో పొంతన లేకుండా మెత్తగా, పొడవుగా ఉంటే అది మిక్స్‌లో కలిపినది. ఈ పరీక్ష ఎమ్‌పీ3 మీద చేయకండి. తక్కువ బిట్‌రేట్ ఫైళ్లు రెండు పక్కల తేడాను పిండేస్తాయి, మిగిలేది నీళ్లలో బుడగల శబ్దం. సీడీ గానీ లాస్‌లెస్ ఫైల్ గానీ కావాలి. 1960ల స్టీరియోలో గొంతు ఒక పక్కకే ఉండొచ్చు, అక్కడ ఈ కిటుకు పనిచేయదు.

అనధికార రికార్డులోని పాటా, అధికారిక బాక్సులోని పాటా ఒకే టేకా కాదా అన్నది చాలామంది తప్పుగా తేలుస్తారు. శ్రుతి వేరుగా ఉంది కాబట్టి వేరే టేక్ అనేస్తారు. క్యాసెట్ల మీదుగా తిరిగిన కాపీకి వేగం మారుతుంది. వేగంలో 1 శాతం తేడా అంటే శ్రుతిలో 17 సెంట్లు (అర్ధ స్వరంలో వందో వంతు ఒక సెంటు), సుమారు 6 శాతం అయితే అర్ధ స్వరం మొత్తం. సరైన పద్ధతి ఇది: రెండింట్లోనూ మొదటి స్నేర్ దెబ్బ నుంచి చివరి స్నేర్ దెబ్బ దాకా కాలం కొలవండి. ఒకటి 200 సెకన్లు, ఇంకోటి 198 అనుకుందాం. ఇప్పుడు మధ్యలో ఒక డ్రమ్ ఫిల్ తీసుకోండి. మొదటిదాంట్లో అది 100వ సెకనులో ఉంటే, రెండోదాంట్లో 99వ సెకనులో ఉండాలి. ఇలా నాలుగైదు చోట్ల అదే నిష్పత్తి నిలబడితే ఒకే టేక్, వేగమే తేడా. ఒక చోట దాకా నిలబడి అక్కడ్నించి తప్పితే, అదే టేకును అక్కడ కోసి అతికించారు. ఎక్కడా నిలబడకపోతే వేరే టేక్. మెట్రోనోమ్ లేకుండా వాయించే బ్యాండ్ ఒకే కదలికను రెండుసార్లు అచ్చుగుద్దినట్టు వాయించలేదు కాబట్టే ఈ కొలత పనికొస్తుంది. క్లిక్ ట్రాక్ మీద, అంటే చెవిలో మెట్రోనోమ్ చప్పుడు పెట్టుకుని చేసిన ఇటీవలి పాటలకి దీన్ని నమ్మకండి. ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి రెండో దానితో కలిపి నిశ్శబ్దం వస్తుందేమో చూసే పరీక్ష ఇక్కడ దండగ. ఒకే డిజిటల్ మాస్టర్ అయితేనే అది నిశ్శబ్దం ఇస్తుంది. మాస్టరింగ్ (మిక్స్ అయ్యాక విడుదలకు ముందు చేసే చివరి శబ్దపు మెరుగు) మారితే ఒకే టేక్ అయినా శబ్దం మిగులుతుంది.

ఫైల్ నాణ్యతకి స్పెక్ట్రోగ్రామ్ చూడండి, అంటే ఏ పౌనఃపున్యం దాకా శబ్దం ఉందో చూపే బొమ్మ. సీడీ నుంచి వచ్చినదైతే శబ్దం 22 కిలోహెర్ట్జ్ దాకా పాకుతుంది. 16 దగ్గర కత్తితో కోసినట్టు ఆగితే అది 128 కేబీపీఎస్ ఎమ్‌పీ3, ఇప్పుడు ఫ్లాక్ అనే లాస్‌లెస్ ఫైల్ పేరు పెట్టుకున్నా సరే. 15 దగ్గర ఆగి, 19 దగ్గర ఒక సన్నని గీత కనిపిస్తే ఎఫ్‌ఎమ్ రేడియో నుంచి పట్టింది. కోత లేకుండా మెల్లగా 12-15 మధ్య కరిగిపోతే అది పాత క్యాసెట్ కాపీ. ఇది తప్పు కాదు, నిజాయితీగా పాతబడిన కాపీ.

డ్రమ్స్‌లో చార్లీ వాట్స్‌ని గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పని అయిపోతుంది. స్నేర్ కొట్టే దెబ్బ మీద ఆయన హై-హ్యాట్ (ఒకదాని మీద ఒకటి ఉండే జంట సింబల్స్) కొట్టడు, కుడి చెయ్యి ఎత్తేస్తాడు. అంటే రెండో, నాలుగో దెబ్బలకి హై-హ్యాట్‌లో చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ వల్లే స్నేర్ అంత విడిగా వినిపిస్తుంది. 2023 హ్యాక్నీ డైమండ్స్‌లో మెస్ ఇట్ అప్, లివ్ బై ది స్వోర్డ్ ఈ రెండింట్లో వాట్స్ ఉన్నాడు, అవి 2019లో వాయించినవి. మిగతా డ్రమ్స్ స్టీవ్ జోర్డాన్‌వి. ఆంగ్రీ తర్వాత వెంటనే మెస్ ఇట్ అప్ పెట్టి హై-హ్యాట్ మీదే చెవి పెట్టండి. కళ్లు మూసుకుని కూడా తేడా పట్టేస్తారు.

కృత్రిమ మేధతో చేసిన నకిలీలు ఈమధ్య కుప్పలుగా వస్తున్నాయి. పాటను గొంతు, డ్రమ్స్, బేస్‌గా విడగొట్టే ప్రోగ్రాములతో ఎవరో ఇంట్లో కొత్తగా కలిపి ‘దొరికిన టేక్’ అని పెడతారు. సింబల్స్ నీళ్లలో తేలినట్టు సుడి తిరగడం, గొంతు ఆగగానే దాని ప్రతిధ్వని కూడా టక్కున తెగిపోవడం, పదాల మొదటి హల్లులు మొద్దుబారడం దాని గుర్తులు. ఎక్కడ రికార్డయింది, ఏ టేప్ నుంచి వచ్చింది, ఎవరి చేతులు మారింది అన్నది చెప్పకుండా పైనుంచి ఊడిపడిన పాటను ముందు నకిలీ అనుకోవడమే క్షేమం.

ఇప్పుడు మొదటి వాదన, 1981 తర్వాత అంతా సున్నా అన్నది. ఆ ఆల్బమ్‌లు నచ్చకపోవడానికి పాటల కంటే నిడివి, మాస్టరింగ్ ఎక్కువ కారణం. వినైల్ ఒక్కో వైపుకి 22 నిమిషాలు దాటితే శబ్దం పలచబడుతుంది, అందుకే టాటూ యూ 44 నిమిషాల్లో ముగిసింది. సీడీ వచ్చాక ఆ కళ్లెం తెగింది. వూడూ లౌంజ్ 62 నిమిషాలు, 2005 నాటి ఎ బిగ్గర్ బ్యాంగ్ 16 పాటలతో 64 నిమిషాలు. ఎ బిగ్గర్ బ్యాంగ్‌లోంచి ఆరు పాటలు తీసేసి పదితో ప్లేలిస్టు చేసుకుని వినండి. రఫ్ జస్టిస్‌తో మొదలుపెట్టి, జాగర్ తానే స్లైడ్ గిటార్ వాయించిన బ్యాక్ ఆఫ్ మై హ్యాండ్‌ని మధ్యలో, లాఫ్ ఐ నియర్లీ డైడ్‌ని చివర్లో పెట్టుకుంటే అది 1970ల చివరి ఆల్బమ్‌లకి పెద్దగా తీసిపోదు. వాట్స్ క్యాన్సర్ చికిత్సలో ఉండగా జాగర్, రిచర్డ్స్ ఇద్దరే కూర్చుని కట్టిన పాటలవి. అందుకే అంత బోసిగా, బలంగా ఉంటాయి.

1986 డర్టీ వర్క్‌ని మాత్రం నేను సమర్థించను. జాగర్, రిచర్డ్స్ గొడవ పడుతున్నారు, వాట్స్ సరైన స్థితిలో లేడు, కొన్ని పాటల్లో డ్రమ్స్ వేరేవాళ్లు వాయించారు. చివర్లో పేరు లేకుండా వచ్చే ఆ అర నిమిషం పియానో, అప్పుడే చనిపోయిన ఇయాన్ స్టూవర్ట్‌ది, ఆల్బమ్ మొత్తానికి అదే మేలు. 1997 బ్రిడ్జెస్ టు బాబిలాన్ పలువురు నిర్మాతలతో చేసింది. క్లియర్‌మౌంటెన్ టాటూ యూకి చేసిన పనికి సరిగ్గా వ్యతిరేకం: పాటలన్నీ ఒకే కాలంలో పుట్టాయి, కానీ వేర్వేరు ఆల్బమ్‌ల నుంచి తెచ్చినట్టుంటాయి.

పాతా కొత్తా పోల్చేటప్పుడు శబ్దం స్థాయి సమానం చేయకపోతే తీర్పు చెల్లదు. ఎ బిగ్గర్ బ్యాంగ్, హ్యాక్నీ డైమండ్స్ రెండింటినీ మాస్టరింగ్‌లో బాగా నొక్కేశారు. మొదటి నిమిషం హుషారుగా, ఇరవయ్యో నిమిషానికి తలనొప్పిగా అనిపించేది అందుకే. స్పాటిఫైలో నార్మలైజేషన్ (అన్ని పాటల శబ్దాన్నీ ఒకే స్థాయికి తెచ్చే సెట్టింగ్) ఆన్ చేస్తే అన్నీ సుమారు −14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (చెవికి తోచే శబ్దం స్థాయి కొలత) వస్తాయి, యాపిల్‌లో సౌండ్ చెక్ సుమారు −16. రెండు యాప్‌ల మధ్య పోల్చకండి, ఒకే యాప్‌లో పోల్చండి. సమానం చేశాక 1981 మిక్స్‌లో స్నేర్ ఎంత ఎత్తుకి లేస్తుందో, 2023లో అది గిటార్ల మధ్య ఎలా ఇరుక్కుపోయిందో తెలుస్తుంది. అది పాటలో లోపం కాదు, పాట మీద వేసిన బరువు.

పాత టేపుల అండ లేకుండా ముసలి స్టోన్స్ ఏం చేయగలరో చూడాలంటే బ్లూ అండ్ లోన్‌సమ్ ఉంది. 2015 డిసెంబరులో లండన్ బ్రిటిష్ గ్రోవ్ స్టూడియోలో కొత్త ఆల్బమ్‌కి చేతులు సవరించుకుంటూ బ్లూస్ పాటలు వాయించి, మూడు రోజుల్లో మొత్తం పన్నెండూ ముగించారు. అన్నీ ఇతరుల పాటలే. పక్క స్టూడియోలో ఉన్న ఎరిక్ క్లాప్టన్ వచ్చి రెండింట్లో గిటార్ కలిపాడు. గొంతూ వాయిద్యాలూ మిక్సూ దాదాపు ఒకే కాలానివైన ఆల్బమ్ వాళ్ల దగ్గర నిజానికి అరుదు, ఇది అందులో ఒకటి. జాగర్ హార్మోనికా కోసమైనా వినాలి. అప్పుడు మొదలెట్టాలనుకున్న కొత్త పాటల ఆల్బమ్ 2023 అక్టోబర్‌కి గానీ రాలేదు. వచ్చేసరికి వాట్స్ లేడు, ఆయన 2021 ఆగస్టు 24న పోయాడు. అందుకే లివ్ బై ది స్వోర్డ్‌లో 2019 నాటి వాట్స్ డ్రమ్స్ మీద, 1993లో బ్యాండ్ వదిలిన బిల్ వైమన్ బేస్ కొత్తగా కలిసింది. టాటూ యూలో జరిగిందే మళ్లీ జరిగింది. ఈసారి మాత్రం ఎవరెవరు ఉన్నారో అట్ట మీదే చెప్పారు.

డీలక్స్ ఎడిషన్ల మీద నాకున్న ఫిర్యాదు కూడా అక్కడే. కొత్త గొంతు కలపడం తప్పు కాదు, ట్రాక్ పక్కన ‘వాయిద్యాలు 1971, గొంతు 2009’ అని ఒక్క ముక్క వేయకుండా అమ్మడం తప్పు. ఆ ముక్క ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కాబట్టి: ముందు స్టార్ట్ మీ అప్ రెగే వెర్షన్, వెంటనే 1981ది. తర్వాత గుడ్ టైమ్ విమెన్, ఆ వెంటనే టంబ్లింగ్ డైస్. ఆ తర్వాత ప్లండర్డ్ మై సోల్, నో స్పేర్ పార్ట్స్. చెవి ఈపాటికి అలవాటవుతుంది కాబట్టి అప్పుడు హ్యాక్నీ డైమండ్స్ చివర్లో ఉన్న రోలింగ్ స్టోన్ బ్లూస్ పెట్టండి. బ్యాండ్‌కి పేరిచ్చిన మడ్డీ వాటర్స్ పాట, జాగర్, రిచర్డ్స్ ఇద్దరే. మూడు తేదీలు వెతకాల్సిన పని అందులో లేదు.